ప్రోబ్ కోడును ఎంత తగ్గిస్తే మేలు?

నడుస్తున్న లినక్స్ కెర్నల్‌ను ఆపకుండా, మళ్లీ కంపైల్ చేయకుండా, దాని లోపల మనకు కావలసిన ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఒక కాపలా, అంటే ప్రోబ్, పెట్టి, సీపీయూ అక్కడికి వచ్చిన ప్రతిసారీ మన కోడు నడిచేలా చేసే సదుపాయం పేరు కేప్రోబ్స్. ఐబీఎం వారి డీప్రోబ్స్ ప్రాజెక్టులోంచి పుట్టి, 2004 అక్టోబరులో 2.6.9 వెర్షన్‌తో ప్రధాన కెర్నల్‌లో చేరింది. బెంగళూరులోని ఐబీఎం లినక్స్ టెక్నాలజీ సెంటర్ ఇంజనీర్లు దాని తొలి రూపకర్తల్లో ఉన్నారు. ఈరోజు పెర్ఫ్, సిస్టమ్‌ట్యాప్, బీపీఎఫ్‌ట్రేస్ లాంటి పరికరాలు కెర్నల్ లోపలికి తొంగిచూసే దారుల్లో ఇది ముఖ్యమైనది.

2021లో వచ్చిన 5.13 వెర్షన్‌లో, ఎక్స్86 ప్రాసెసర్ల మీద కేప్రోబ్స్ పనిచేసే తీరును దాని మెయింటెయినర్ మసామి హిరమత్సు మార్చారు. డీబగ్ ట్రాప్ సాయంతో ఒక్కొక్క ఇన్‌స్ట్రక్షన్‌నూ నడిపించే పాత పద్ధతి పోయి, అంతా ఒకే రకం బ్రేక్‌పాయింట్ మీద నడిచే పద్ధతి వచ్చింది. కోడు తేలికైంది, కానీ కొన్ని చోట్ల ప్రోబ్ పెట్టే వీలు పోయింది. ఈ బేరం న్యాయమైనదేనా అన్నది ఇక్కడి వాదం. మాట్లాడేవారిద్దరూ కల్పిత వ్యక్తులు. భాస్కరరావు గారు సర్వర్ల జబ్బులు తేల్చే పనిలో తల నెరిసిన మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకున్న హిమబిందు ఇప్పుడు కెర్నల్ ప్యాచ్‌లను సమీక్షిస్తోంది.

భాస్కరరావు: సూటిగానే అడుగుతాను బిందూ. పదహారేళ్లకు పైగా పనిచేసిన పద్ధతిని తీసేసి, దానికి సరళీకరణ అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఐరెట్ మీద ప్రోబ్ పెట్టలేం. ఫార్ జంపుల్లో, ఫార్ కాల్స్‌లో చాలావాటి మీద పెట్టలేం. మెమరీలోంచి అడ్రసు తీసుకుని దూకే కాల్, జంప్‌ల మీద పెట్టలేం. వర్చువల్ మెషిన్లు నడిపే వీఎంకాల్, వీఎంలాంచ్, వీఎంరెజ్యూమ్ మీద అసలే పెట్టలేం. రాత్రి రెండు గంటలకు సర్వర్ మొరాయిస్తే లోపలికి చూడాల్సింది నేను. మీ కోడు సులువైంది, నాకు చూసే చోట్లు తగ్గాయి. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు లేదూ ఇది?

హిమబిందు: ఏం కాలిందో, ఏం మిగిలిందో లెక్క చూద్దాం సర్. ప్రోబ్ పెట్టగానే ఆ ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటు తీసి, దాని స్థానంలో ఇంట్3 అనే ఒక్క బైటు బ్రేక్‌పాయింట్ రాస్తాం. హెక్సాలో అది సీసీ. సీపీయూ అక్కడికి రాగానే ఎక్సెప్షన్ వస్తుంది, మన హ్యాండ్లర్ నడుస్తుంది. ఇంతవరకూ పాత పద్ధతీ కొత్త పద్ధతీ ఒకటే. చిక్కంతా ఆ తర్వాతే. మనం తొలగించిన అసలు ఇన్‌స్ట్రక్షన్‌ను ఎవరు నడపాలి?

భాస్కరరావు: పాత బైటును తిరిగి పెట్టి నడిపితే, ఆ క్షణంలో ఇంకో సీపీయూ అదే దారిలో వచ్చి ప్రోబ్‌ను తప్పించుకుపోతుంది. అందుకే నకలు తీసి విడిగా ఒక స్లాట్‌లో పెట్టి అక్కడ నడుపుతాం. ఇది నాకు తెలియనిది కాదు.

హిమబిందు: ఆ నకలు ఒక్కటి నడిచాక అదుపు మళ్లీ మన చేతికి రావాలి కదా. పాత పద్ధతిలో ఫ్లాగ్స్ రిజిస్టర్‌లోని ట్రాప్ ఫ్లాగ్‌ను వెలిగించేవాళ్లం. అప్పుడు సీపీయూ ఒక్క ఇన్‌స్ట్రక్షన్ నడిపి డీబగ్ ట్రాప్ ఇస్తుంది. ఆ ట్రాప్ మన ఒక్కరి సొత్తు కాదు సర్. హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్లూ, మెమరీ వాచ్‌పాయింట్లూ, డీబగ్గర్ యూజర్ ప్రోగ్రామును ఒక్కో అడుగూ నడిపించేదీ ఆ ద్వారంలోంచే. ట్రాప్ వచ్చిన ప్రతిసారీ ఇది ఎవరిదో విచారించాలి. పైగా స్టాక్ సెగ్మెంట్ రిజిస్టర్‌ను లోడ్ చేసే ఇన్‌స్ట్రక్షన్ ఉంటే, దాని వెంటనే రావాల్సిన డీబగ్ ట్రాప్‌ను సీపీయూ ఒక అడుగు వాయిదా వేస్తుంది. ఆ మెలిక వల్ల 2018 మే నెలలో ఒకేసారి అనేక ఆపరేటింగ్ సిస్టమ్‌లలో భద్రతా లోపం బయటపడింది. అలాంటి ఇన్‌స్ట్రక్షన్ల మీద ప్రోబ్ పెట్టడాన్ని కేప్రోబ్స్ కూడా ఆ నెలలోనే నిషేధించింది. అంటే పాత పద్ధతి కూడా అన్ని చోట్లకూ వెళ్లగలిగింది కాదు.

భాస్కరరావు: ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌ను నిషేధించడం వేరు, గుంపును నిషేధించడం వేరు. నేను హార్డ్‌వేర్‌ను ఎందుకు నమ్ముతానో విను. ఇన్‌స్ట్రక్షన్‌కు అర్థం ఏమిటో చిప్పు తయారుచేసినవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పాత పద్ధతిలో దాన్ని చిప్పే నడిపేది. మేం చేసిందల్లా చూడటమే.

హిమబిందు: చూడటం ఒక్కటే అయ్యుంటే నేనూ ఒప్పుకునేదాన్ని. పాత కోడులో స్టెప్ అయిన తర్వాత జరిగే సవరణలు గుర్తున్నాయా? కాల్‌ను స్లాట్‌లో నడిపితే స్టాక్ మీద పడే రిటర్న్ అడ్రసు స్లాట్‌ది. దాన్ని అసలు ఫంక్షన్ అడ్రసుకు మనమే దిద్దాలి. పుష్ఎఫ్ నడిపితే మనం వెలిగించిన ట్రాప్ ఫ్లాగ్ కూడా ఆ విలువలో కలిసి స్టాక్ మీదికి వెళుతుంది. దాన్ని మనమే తుడిచి పాత ఫ్లాగులు పెట్టాలి. జంప్ అయితే ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్‌ను స్లాట్ నుంచి అసలు చోటికి లెక్కగట్టి తరలించాలి. చిప్పు ఒకటి చేస్తే, చేశాక దాని జాడలను చేత్తో చెరిపేవాళ్లం. సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే పని అప్పుడూ ఉంది సర్. కాకపోతే అది సవరణ అనే పేరు కింద దాగింది.

భాస్కరరావు: సరే, కొత్త పద్ధతి ఏమిటో నీ నోటనే చెప్పు.

హిమబిందు: స్లాట్‌లో నకలు ఇన్‌స్ట్రక్షన్ వెనకాలే ఇంకో ఇంట్3 పెడతాం. నకలు నడవగానే సీపీయూ ఆ రెండో ఇంట్3కి తగులుతుంది. మొదలూ ముగింపూ రెండూ ఒకే ఎక్సెప్షన్, ఒకే హ్యాండ్లర్. ట్రాప్ ఫ్లాగ్ ఊసే లేదు. అయితే కాల్, జంప్, కండిషనల్ జంప్, లూప్ లాంటివి నడిస్తే సీపీయూ వేరే చోటికి పోతుంది, రెండో ఇంట్3ని చేరదు. అందుకని వాటిని స్లాట్‌లో నడపకుండా, అవి చేయాల్సిన పనిని హ్యాండ్లర్‌లోనే లెక్కగట్టి చేస్తాం. ఇంటరప్ట్ ఫ్లాగ్‌ను మార్చేవాటికీ ఇదే దారి. కాల్‌ను అనుకరించాలంటే ఎక్సెప్షన్ లోపలినుంచే స్టాక్ మీదికి ఒక విలువ నెట్టాలి. అందుకు కావలసిన ఖాళీని 64 బిట్ కెర్నల్‌లో ఇంట్3 ప్రవేశం దగ్గర 2019లోనే ఏర్పాటు చేశారు. ఆర్మ్64 వాళ్లు కూడా కాస్త ముందే ఈ దారి పట్టారు. బూట్ తొలిదశలో ప్రోబ్‌లు పెట్టే సమయానికి అక్కడి డీబగ్ హార్డ్‌వేర్ ఇంకా సిద్ధం కాకపోవడంతో, సింగిల్ స్టెప్ మానేసి నకలు వెనకాల బీఆర్‌కే అనే బ్రేక్‌పాయింట్ పెట్టారు. రెండు వేర్వేరు చిప్పుల వాళ్లు వేర్వేరు ఇబ్బందులు పడి ఒకే పరిష్కారానికి చేరారంటే, ఆ పరిష్కారంలో బలం ఉన్నట్టే కదా.

భాస్కరరావు: ఇప్పుడు నా ఆయుధం తీస్తాను. లెక్కగట్టి చేస్తాం అన్నావు. ఆ లెక్క తప్పితే? జేఎన్‌జీ అనే కండిషనల్ జంప్ తీసుకో. అంటే పెద్దది కాకపోతే దూకు. ఇంటెల్ మాన్యువల్ ప్రకారం జీరో ఫ్లాగ్ వెలిగి ఉన్నా దూకాలి, సైన్ ఫ్లాగ్, ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ వేర్వేరుగా ఉన్నా దూకాలి. రెండింటిలో ఏదైనా చాలు. 2021లో వచ్చిన మీ అనుకరణ కోడులో ఆ 'లేదా' స్థానంలో 'మరియు' రాశారు.

హిమబిందు: రాశారు. నిజమే.

భాస్కరరావు: దాని ఫలితం చూడు. మూడును అయిదుతో పోల్చాం అనుకో. మూడు చిన్నది కాబట్టి సైన్, ఓవర్‌ఫ్లో వేరుపడతాయి, జీరో ఫ్లాగ్ మాత్రం వెలగదు. దూకాలి, కానీ దూకదు. అయిదును అయిదుతో పోల్చితే జీరో వెలుగుతుంది, మిగతా రెండూ సమానంగా ఉంటాయి. అప్పుడూ దూకాలి, దూకదు. రెండు షరతులూ ఒకేసారి నిజం కావాలంటే ఫలితం సున్నా అవుతూనే రెండు ఫ్లాగులు వేరుపడాలి. పోలికలో అది జరగనే జరగదు. అంటే ప్రోబ్ పెట్టిన ఆ జంప్ ఇక ఎన్నటికీ దూకదు! దాని వ్యతిరేకం జేఎన్ఎల్ఈ ఎప్పుడూ దూకుతుంది. కెర్నల్ ఏం చేస్తోందో చూద్దామని ప్రోబ్ పెట్టాను. ప్రోబ్ పెట్టడం వల్లే కెర్నల్ దారి తప్పింది. ఇది దిద్దింది 2022 ఆగస్టులో, ఏడాదికి పైగా గడిచాక. చిప్పు చేతిలో ఉన్నన్నాళ్లూ ఈ తప్పు పుట్టే అవకాశమే లేదు.

హిమబిందు: మీరు చెప్పిన ప్రతి మాటా ఒప్పుకుంటాను. ఇంకోటి నేనే కలుపుతాను. కెర్నల్ 6.2లో చార్ రకాన్ని అన్ని చిప్పుల మీదా అన్‌సైన్డ్‌గా మార్చారు. పొట్టి కండిషనల్ జంప్‌లో దూరం ఒక్క బైటులో ఉంటుంది, మైనస్ 128 నుంచి ప్లస్ 127 వరకు. అనుకరణ కోడు ఆ బైటును చార్‌గా చదివేది. మార్పు తర్వాత, పది బైట్లు వెనక్కి దూకాల్సిన జంప్ 246 బైట్లు ముందుకు దూకడం మొదలెట్టింది. కెర్నల్ కుప్పకూలే ప్రమాదం అది. 2023 ఫిబ్రవరిలో దిద్దారు.

భాస్కరరావు: నా వాదాన్ని నువ్వే బలపరుస్తున్నావు!

హిమబిందు: దాచి గెలవడం నాకు ఇష్టం లేదు సర్. కానీ ఆ రెండు తప్పుల స్వభావం గమనించండి. ఎక్స్86లో కండిషన్లు సరిగ్గా పదహారు. ఒక్కోదానికి ఫ్లాగుల కలయికలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. పట్టిక వేసి మొత్తం పరీక్షించవచ్చు. మాన్యువల్ పక్కన పెట్టుకుని చదివితే తప్పు కంటికి కనబడుతుంది. జేఎన్‌జీ దిద్దుబాటు ఒక్క ఆపరేటర్ మార్పు. డీబగ్ ట్రాప్ తప్పులు అలాంటివి కావు. ఏ ట్రాప్ ఏ ఇంటరప్ట్ మీద ఎక్కింది, ఆ సమయంలో డీబగ్ రిజిస్టర్లలో ఎవరి విలువ ఉంది, చిప్పు ఏ అడుగును వాయిదా వేసింది అన్నవన్నీ కలిస్తే పుట్టే తప్పుకు పట్టిక వేయలేం. మళ్లీ అదే తప్పును రప్పించడమే కష్టం. పట్టిక వేయగల తప్పుల వైపు కోడును జరపడాన్నే నేను సరళీకరణ అంటాను.

భాస్కరరావు: మాట బాగుంది. మరి ఆ పట్టిక ఎందుకు వేయలేదు? పరీక్షించగలగడం వేరు, పరీక్షించడం వేరు. కేప్రోబ్స్‌కు కెర్నల్‌లోనే పరీక్షలున్నాయి, కేయూనిట్ పద్ధతికి మార్చారు కూడా. ప్రోబ్ పెట్టడం, హ్యాండ్లర్ నడవడం, రిటర్న్ విలువ పట్టుకోవడం చూస్తాయి. చిప్పు చేసే పనిని మీ చేతుల్లోకి తీసుకున్న రోజునే ఆ పదహారు కండిషన్ల పరీక్ష కూడా వెంట రావాలి. లేకపోతే సరళీకరణ ఖర్చు మీరు భరించలేదు, నా నెత్తిన వేశారు.

హిమబిందు: ఇక్కడ మీదే పైచేయి. అనుకరణ తెచ్చే ప్యాచ్‌తోపాటు దాని పరీక్ష రావాలి. ఈ మాట నేను ఇకపై సమీక్షలో అడుగుతాను.

భాస్కరరావు: ఇంకో ప్రశ్న. సరళత మీద అంత ప్రేమ ఉంటే జంప్ ఆప్టిమైజేషన్ ఎందుకు ఉంచారు? ప్రోబ్ దగ్గర బ్రేక్‌పాయింట్ బదులు అయిదు బైట్ల జంప్ రాయడం. ఒకటి నుంచి పదిహేను బైట్ల దాకా ఎంతైనా ఉండే ఇన్‌స్ట్రక్షన్లను డీకోడ్ చేసుకుంటూ రావాలి. ఆ అయిదు బైట్ల మధ్యలోకి ఇంకెక్కడినుంచీ జంప్ లేదని తేల్చుకోవాలి. మధ్యలో ఆగిన టాస్క్ ఒక్కటి కూడా లేదని ఆర్‌సీయూతో ఎదురుచూసి నిర్ధారించుకోవాలి. కేప్రోబ్స్‌లో ఇంతకంటే చిక్కు కోడు ఉందా?

హిమబిందు: లేదు. కానీ అది తన తిండి తాను సంపాదించుకుంటోంది సర్. కెర్నల్ డాక్యుమెంటేషన్ లెక్క ప్రకారం మామూలు ప్రోబ్ ఒకసారి తగిలితే 2005 నాటి సీపీయూ మీద అర నుంచి ఒక మైక్రోసెకను పడుతుంది. ఆప్టిమైజ్ అయిన ప్రోబ్‌కు 0.07 నుంచి 0.1 మైక్రోసెకను. నడుస్తున్న సర్వర్ మీద, సెకనుకు లక్షల సార్లు తగిలే చోట ప్రోబ్ పెట్టే ధైర్యం మీకు వచ్చింది అందుకే. పైగా ఆ కోడుకు అనుమానం వస్తే ఆప్టిమైజ్ చేయదు, మామూలు బ్రేక్‌పాయింట్‌తోనే ఉండిపోతుంది. వేగం తగ్గుతుందేగాని ఫలితం మారదు. చిక్కుదనం వల్ల వాడేవాడికి కనబడే మేలు ఉంటే ఉంచాలి. ఒకప్పుడు ఇలా రాశాం కాబట్టి ఇలాగే ఉండాలి అనేదే కారణమైతే తీసేయాలి. 2018లో జేప్రోబ్స్‌ను తీసేసింది ఈ లెక్కనే. ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లు చూడటానికి ప్రోబ్ ఈవెంట్లూ బీపీఎఫ్ కూడా ఉన్నాక, రిజిస్టర్లనూ స్టాక్‌నూ భద్రపరచి, వేరే ఫంక్షన్‌లోకి దూకి, మళ్లీ వెనక్కి వచ్చే ఆ యంత్రాంగంతో పనిలేదు. రిటర్న్ ప్రోబ్‌ల కోడు కూడా అంతే. ప్రతి ఆర్కిటెక్చర్‌లోనూ దాదాపు ఒకేలా ఉన్న హ్యాండ్లర్‌ను 2020లో ఉమ్మడి చేశారు. దానివల్ల ఎవరికీ ఏదీ పోలేదు.

భాస్కరరావు: ఉమ్మడి చేయడానికి నాకూ అభ్యంతరం లేదు. ఒక తప్పును పది చోట్ల దిద్దే బాధ తప్పుతుంది. నా గొడవ పోయిన వాటి గురించే.

హిమబిందు: అయితే పోయిన వాటి బరువు తూచుదాం. మెమరీలోంచి అడ్రసు తీసుకునే కాల్ మీద ప్రోబ్ పోయిందన్నారు. 2018లో స్పెక్టర్ అనే చిప్పు లోపం బయటపడ్డాక, దానికి రక్షణగా రెట్‌పోలైన్‌తో కంపైల్ చేసే కెర్నల్‌లో కంపైలర్ అలాంటి కాల్ రాయనే రాయదు. అడ్రసును రిజిస్టర్‌లో వేసుకుని ఒక చిన్న థంక్ ఫంక్షన్‌ను మామూలు కాల్‌తో పిలుస్తుంది. మామూలు కాల్‌కూ, రిజిస్టర్ ద్వారా వెళ్లే కాల్‌కూ అనుకరణ ఉంది. ఐరెట్ అంటే ఎక్సెప్షన్‌లోంచి బయటికి వెళ్లే గుమ్మం. అక్కడ ఇంకో ఎక్సెప్షన్ పుట్టించడమే ప్రమాదం. మీరు రోజూ ప్రోబ్ పెట్టేవి ఫంక్షన్ మొదట్లో, లేదా మధ్యలో ఏ పోలిక దగ్గరో. వాటిలో పోయింది దాదాపు ఏమీ లేదు.

భాస్కరరావు: దాదాపు అన్న మాటే నన్ను భయపెడుతుంది. ఆ మిగిలిన ఒక్క చోటే రేపు నాకు అవసరం కావచ్చు. వీఎంరెజ్యూమ్ దగ్గర చూడాల్సిన రోజు వస్తే?

హిమబిందు: దానికి ముందు, ప్రోబ్ పెట్టనిచ్చే దగ్గరి చోట పెట్టండి. కావలసిన విలువల్లో కొన్ని అక్కడే దొరకవచ్చు. ఇంకా ముఖ్యమైన సంగతి, ప్రోబ్ పెట్టబోయే క్షణంలోనే కెర్నల్ కుదరదు అని ఎర్రర్ ఇస్తుంది. పెట్టనిచ్చి తర్వాత తప్పు దారి పట్టించడం కంటే ముందే కాదనడం మేలు కదా.

భాస్కరరావు: ఆ మాట ఒప్పుకుంటాను. నేను చూసిన నరకాలన్నీ ప్రోబ్ పెట్టాక మొదలైనవే. కుదరదని చెప్పిన పరికరంతో నాకెప్పుడూ గొడవ లేదు. కానీ ఎందుకు కుదరదో కూడా చెప్పాలి. నిషిద్ధ ఫంక్షన్ల జాబితా డీబగ్ఎఫ్ఎస్‌లో కనబడుతుంది, సంతోషం. ఫలానా ఇన్‌స్ట్రక్షన్‌ను అనుకరించలేం కాబట్టి వద్దన్నామని మాత్రం ఎవరూ చెప్పరు. ఒక ఎర్రర్ నంబరు పడేస్తారు. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని చూసి కెర్నల్‌లో బగ్ అనుకుంటారు. కాదనే హక్కు తీసుకుంటే కారణం చెప్పే బాధ్యత కూడా తీసుకోవాలి.

హిమబిందు: అది న్యాయమైన కోరిక. మరి నా కోరిక కూడా ఒకటి వినండి. మీ తరం వాళ్లు ప్రోబ్ పెట్టి ఫలితం చూసుకుని వెళ్లిపోతారు. తప్పిపోయిన హిట్లు ఎన్నో చూడరు. ఒక ప్రోబ్ హ్యాండ్లర్ నడుస్తుండగా అదే సీపీయూ మీద ఇంకో ప్రోబ్ తగిలితే, రెండోదాని హ్యాండ్లర్ నడవదు, మిస్ అయిందని లెక్క ఒక్కటే పెరుగుతుంది. ట్రేసింగ్ డైరెక్టరీలోని కేప్రోబ్ ప్రొఫైల్ ఫైలులో హిట్ల పక్కనే ఆ అంకె ఉంటుంది. అది చూడకుండా ఈ ఫంక్షన్ ఇన్నిసార్లు నడిచిందని రిపోర్టు రాస్తే, తప్పు కెర్నల్ మీద వేయడానికి లేదు.

భాస్కరరావు: మా వాళ్లకు చెబుతాను. అయినా నా తీర్పు పూర్తిగా మారలేదు. పాత పద్ధతిని తీయడం సరైనదే కావచ్చు, తీసిన తీరులో తొందర ఉంది.

హిమబిందు: నా తీర్పూ పూర్తిగా మారలేదు. తొందర ఉందని ఒప్పుకున్నా, ఆ డీబగ్ ట్రాప్ దారికి మళ్లీ వెళ్లమంటే నేను వెళ్లను.

ఇద్దరి మాటలూ విన్నాక నాకు తోచిన తీర్పు ఇది. సరళీకరణను లైన్ల లెక్కతో తూచకూడదు. తప్పు జరిగితే అది ఎప్పుడు, ఎవరికి, ఎలా కనబడుతుందన్నదే అసలు కొలత. ఆ కొలతతో చూస్తే 2021 నాటి మార్పు సరైనదే. ఇతరులతో పంచుకునే, చిప్పు మెలికలతో నిండిన దారిని వదిలి, చదివి సరిచూసుకోగల దారికి వచ్చింది. కానీ చిప్పు చేసే పనిని సాఫ్ట్‌వేర్ నెత్తికెత్తుకున్న రోజునే దాని పరీక్షలనూ ఎత్తుకోవాలి. జేఎన్‌జీ కథ నేర్పింది అదే.

కెర్నల్ పనిలో ఉన్న మన కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఒక మనవి. ఎక్స్86 కేప్రోబ్స్ కోడు కొండంత పుస్తకమేమీ కాదు. ఇంటెల్ మాన్యువల్‌లోని కండిషనల్ జంప్‌ల పట్టికను పక్కన పెట్టుకుని, అనుకరణ ఫంక్షన్లను ఒక్కొక్కటే సరిచూడండి. పరీక్ష లేని చోట పరీక్ష రాసి పంపండి. రోజూ ఆ ప్రోబ్‌ల మీద ఆధారపడి సర్వర్లను కాపాడేవాళ్లకు మీరు చేయగల పెద్ద సాయం అదే.